నాగ్‌పూర్‌లో గీసిన రెండు గీతలు

నిండు గర్భిణికి బీపీ పై అంకె 160 గానీ కింది అంకె 110 గానీ తాకిందంటే గండమే. ఫిట్స్ రావచ్చు, మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. పెద్దాసుపత్రిలోనైతే నరానికి ఇంజెక్షన్ ఇచ్చి, పక్కనే కనిపెట్టుకుని కూర్చుంటారు. ఆ వసతి లేనిచోట మింగే మాత్రలతో గట్టెక్కించగలమా? ఈ ప్రశ్నకు నాగ్‌పూర్‌లోని రెండు ప్రభుత్వాసుపత్రుల్లో 2015 నుంచి 2017 దాకా జవాబు వెతికారు. 2019లో లాన్సెట్‌లో అచ్చయిన ఆ పరిశోధన పనితనం నాకు ఎంత చదివినా తనివి తీరదు.

ఎంచుకున్నవి మూడూ పాత మందులే: నిఫెడిపైన్, లాబెటలాల్, మిథైల్‌డోపా. 894 మంది తల్లుల్లో ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టు తేలింది. నిఫెడిపైన్ 10 మిల్లీగ్రాములు, లాబెటలాల్ 200. గంట తర్వాత బీపీ చూసి, దిగకపోతే మళ్లీ అంతే. మిథైల్‌డోపా మాత్రం ఒక్కసారే, 1000.

అసలు నేర్పు గెలుపును నిర్వచించిన తీరులో ఉంది. ఆరు గంటల్లో పై అంకె 150కి దిగాలి, కానీ 120 కంటే కిందికి జారకూడదు. కింది అంకె 70కీ 100కీ మధ్య నిలవాలి. ఏ హానీ జరగకూడదు. ఆ కింది గీత బిడ్డ కోసం గీసింది. తల్లి బీపీ ఒక్కసారిగా పడిపోతే మాయకు రక్తం తగ్గుతుంది, లోపల బిడ్డ గుండె తడబడుతుంది. తల్లికి మేలు చేశామనుకుంటూ బిడ్డను కోల్పోయే ప్రమాదాన్ని లెక్కలోనే కట్టేశారు. ఎంత ముందుచూపు!

నిఫెడిపైన్‌తో 84 శాతం, లాబెటలాల్‌తో 77, మిథైల్‌డోపాతో 76 శాతం మంది ఆ రెండు గీతల మధ్యకు వచ్చారు. అన్నిటికన్నా వెనకబడిన మందు కూడా నలుగురిలో ముగ్గురిని ఒడ్డుకు చేర్చింది. నిఫెడిపైన్ వాడిన తల్లుల శిశువులే ప్రత్యేక విభాగంలో ఎక్కువగా చేరారన్న సంగతినీ దాచకుండా రాశారు. అందుకే వాళ్ల మాట మీద నాకు గురి.

మిథైల్‌డోపాకు మరో సాక్ష్యం ఆక్స్‌ఫర్డ్ నుంచి ఉంది. ఆ మందు వాడిన తల్లుల పిల్లలను ఏడున్నరేళ్ల వయసు దాకా గమనించి, హాని కనబడలేదని 1982లో చెప్పారు.

అన్ని బీపీ మాత్రలకూ ఈ భరోసా లేదు. మన ఇళ్లలో తరచూ కనిపించే టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ కడుపులోని బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అవి వాడుతూ బిడ్డను కనాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోండి. ఈలోగా నెల తప్పితే మీ అంతట మీరు మాత్ర మానేసి ఊరుకోకండి, ఆ రోజే వెళ్లి చూపించుకోండి.