ముందురోజు సాయంత్రం ఒక ఫోను

కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలకి మర్యాద తెలియడం లేదనీ, వాళ్లకి ఒక క్లాసు పెట్టించాలనీ మా బార్ హాల్లో భోజనాల వేళ తరచూ మాట వస్తుంది. అనేవాళ్లంతా తలలు నెరిసినవాళ్లు. నాదీ ఆ జట్టే కాబట్టి మొహమాటం లేకుండా అడగొచ్చు. పిల్లలు ఎవర్ని చూసి నేర్చుకుంటున్నారు? పొద్దున్నే కేసులు పిలిచే కాల్ వర్క్‌లో సీనియరు ఎదుటి వకీలు మీదికి లేస్తే, వెనకాల ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ జూనియరు ప్రాక్టీసంటే ఇదే కాబోలు అనుకుంటాడు. ఏడాది తిరిగేసరికి వాడూ లేస్తాడు.

క్లాసు వద్దని కాదు. నిజానికి అది ముందు మాకే పెట్టాలి. అడ్వొకేట్స్ చట్టం 1961లో వచ్చింది. దాని కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన నియమాల్లో ఆరో భాగం, రెండో అధ్యాయం మొత్తం వకీలు నడవడిక గురించే. కోర్టుతో, కక్షిదారుతో, ఎదుటి పక్షంతో, తోటి వకీళ్లతో ఎలా ఉండాలో అందులో రాసి ఉంది. అయినా కొత్త వకీళ్లు రాసే ఆలిండియా బార్ పరీక్షలో వంద ప్రశ్నలుంటే వృత్తి ధర్మం మీద వచ్చేవి నాలుగు. ఆ నాలుగూ తప్పు రాసినా సర్టిఫికెట్ వస్తుంది.

ఆ నియమాల్లో నాలుగోదాన్ని జిరాక్స్ తీయించి ప్రతి వకీలు టేబుల్ మీదా అద్దం కింద పెట్టాలంటాను. కక్షిదారు ఏం పలకమంటే అది పలకడానికి వకీలు లేడు, సొంత బుద్ధి వాడాలి అంటుంది అది. ఉత్తరప్రత్యుత్తరాల్లో భాష అదుపులో ఉండాలి, ప్లీడింగుల్లో బురద చల్లకూడదు, వాదనలో నోరు పారేసుకోకూడదు. కక్షిదారు అడ్డదారి తొక్కబోతే ఆపాలి, మాట వినకపోతే ఆ కేసే వదులుకోవాలి.

ఇప్పుడు మామూలుగా దాఖలయ్యే ఒక పార్టిషన్ దావా తీసి చదవండి. తగాదా 40 సెంట్ల దొడ్డి గురించి. మూడో పేరాకల్లా అన్న ‘దుర్వ్యసనములకు బానిసై’ ఉంటాడు, వదిన ‘దుర్బోధలు’ చేస్తూ ఉంటుంది. ఆ మాటలు తమ్ముడు చెప్పినవి కావు. ఆఫీసు కంప్యూటర్లో పాత దావా తెరిచి పేర్లు మార్చినప్పుడు వచ్చిపడ్డవి. దొడ్డిలో సగం వాటా రావడానికి అన్న తాగుతాడో లేదో ఎవరిక్కావాలి? అనవసరమైన, పరువు తీసే రాతల్ని కొట్టేయించే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆరో ఆర్డరు, పదహారో రూలు కింద కోర్టుకి ఉంది. వాడేవాళ్లు తక్కువ. జవాబు దావాలో అన్నగారి వకీలు అంతకంటే ఘాటుగా రాసి బాకీ తీర్చుకుంటాడు. నాలుగేళ్లు పోయాక లోక్ అదాలత్‌లో ఆ ఇద్దర్నీ కూర్చోబెడితే వాటా దగ్గర పేచీ ఉండదు. ‘మా ఆవిణ్ణి అంత మాట రాయిస్తాడా?’ అన్నదగ్గర రాజీ ఆగిపోతుంది. రాసింది మేము, విడిపోయింది వాళ్లు.

క్రాస్ ఎగ్జామినేషన్ సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. అరుపుకి ఎక్కువ గిరాకీ ఉన్నది అక్కడే. ఒక హద్దుల దావాలో డెబ్బై దాటిన ఒకావిడ సాక్ష్యానికొచ్చింది. బోనులో కమ్మీ పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. క్రాస్ చేసే పెద్దమనిషి మొదటి ప్రశ్నే గొంతు పెంచి వేశాడు. ‘అబద్ధాలు చెప్పడానికి ఎంత తీసుకున్నావు?’ ఆవిడ జడ్జిగారి వైపు చూసింది. రెండోది ఆవిడ మొగుడి గురించి, ఈ దావాకి ఏ సంబంధమూ లేనిది. ఆ తర్వాత ఏమడిగినా ‘నాకు తెలవదు బాబూ’ అనేది ఒకటే జవాబు. పడమటి హద్దు పంటబోదె అన్న ఒక్క ముక్క ఆవిడ నోట రావడం ఆయనకే అవసరం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ బోదె గట్టునే నడిచిన మనిషి. ‘పడమట ఏముందమ్మా?’ అని అడిగితే చాలు, చెప్పేసేది. బెదిరించి ఆయన తన కక్షిదారుకి పనికొచ్చే ఒకే ఒక్క జవాబు పోగొట్టాడు. బయట వరండాలో ఆ కక్షిదారు మాత్రం ‘మా ప్లీడరు గారు ముసల్దాన్ని చెమటలు పట్టించారండీ’ అని సంబరపడ్డాడు.

సాక్షిని అవమానించడానికో, విసిగించడానికో వేసే ప్రశ్నల్ని కోర్టు ఆపాలని పాత ఎవిడెన్స్ చట్టంలో ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. జడ్జిగారు ఆపేదాకా ఆగడం ఎందుకో నాకు అర్థం కాదు.

కోర్టులో మర్యాదగా ఉంటే మెతకవాడంటారని మాకు భయం. కక్షిదారుల అనుమానం ఒకటి దానికి తోడు. ఎదుటి వకీలుతో క్యాంటీన్లో టీ తాగితే చాలు, సాయంత్రం కక్షిదారు ఆఫీసుకొచ్చి గొణుగుతాడు. ‘ఏవండీ ప్లీడరు గారూ, ఆయనా మీరూ బాగా స్నేహమల్లే ఉన్నారే!’ స్నేహమే. ఉండబట్టే కాయితాల కాపీ అడగ్గానే దొరుకుతుంది, కోర్టు కమిషనర్ వస్తే ఇద్దరం ఒకే జీపులో పొలానికి వెళ్లి కొలతలు రాయించుకొస్తాం. ఎదుటివాళ్లకి వకీలుంటే ఆ వకీలుని దాటి పార్టీతో నేరుగా బేరాలాడకూడదని 34వ నియమం. కాగితం మీద లేకపోయినా ఎదుటి పక్షానికి ఇచ్చిన న్యాయమైన మాట నిలబెట్టుకోవాలని 35వది. రాజీలన్నీ ఈ రెంటి మీదే నడుస్తాయి. మాట తప్పే వకీలుతో రాజీ మాట్లాడమంటే నేనూ ముందు స్టాంపు కాగితమే అడుగుతాను.

ఎదుటివాళ్లు హాజరు కాలేదని కేసు ఎక్స్‌పార్టీ చేయించడం ఇంకొక సరదా. ఎదుటాయన పక్క కోర్టులో వాదిస్తున్నారని తెలుసు. అయినా పిలిచీ పిలవగానే లేచి ‘నో రిప్రజెంటేషన్, యువర్ ఆనర్’ అనేయడం. ఆయన ఆ ఉత్తర్వు రద్దు కోసం పిటిషన్ వేస్తారు, డిక్రీ అయిపోయినా 30 రోజుల టైముంది. దానికి కౌంటర్లు, వాదనలు, ఖర్చులు కట్టడాలు. నెలలు గడిచాక కేసు మళ్లీ మొదటికొస్తుంది. గెలిచామనుకున్న కక్షిదారుకి మిగిలింది ఆలస్యం. జవానుని పక్క హాలుకి పంపితే రెండు నిమిషాల పని.

వకాల్తా మార్పు దగ్గరా ఇంతే. పాత వకీలు సమ్మతి లేకుండా కొత్తవాళ్లు అదే కేసులో దిగకూడదని 39వ నియమం. సమ్మతి రాకపోతే కారణం చెప్పి కోర్టు అనుమతి తీసుకోవాలి. వకాల్తా మీద ‘నో అబ్జెక్షన్’ అని రాసి సంతకం పెట్టడానికి అర నిమిషం చాలు. ఫీజు బాకీ అనే పేరుతో దాన్ని అరేడాది లాగేవాళ్లున్నారు. బాకీ నిజమే కావచ్చు. కానీ ఫీజు కోసం కక్షిదారు కాయితాలు బిగబట్టే హక్కు వకీలుకి లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చింది. డబ్బు రాబట్టుకునే దారి వేరే ఉంది.

ఇంతవరకు మా బార్‌లో చాలామంది తలూపుతారు. అసలు పేచీ ఇక్కణ్ణుంచి. మాలో మాకు మర్యాద బొత్తిగా లేదని కాదు, ఒక రకం మర్యాద ఎక్కువే ఉంది. ‘రేపు నాకు హైకోర్టులో పనుంది సార్, కాస్త సర్దండి’ అంటే సర్దుతాం. మొన్న ఆయన సర్దాడు, ఇవాళ నేను. వాయిదా పడుతుంది, ఇద్దరం నవ్వుకుంటూ బయటికొస్తాం. వరండాలో బెంచీ మీద సాక్షి ఉంటాడు. తొలి బస్సెక్కి వచ్చాడు, కూలి పోగొట్టుకున్నాడు, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం డబ్బా ఇంకా విప్పలేదు. గుమస్తా వెళ్లి ‘మళ్లీ వచ్చే నెల’ అంటాడు. విచారణ నడిచేటప్పుడు ఒక పార్టీకి మూడు వాయిదాలకి మించి ఇవ్వకూడదనీ, వకీలుకి వేరే కోర్టులో పనుండటం వాయిదాకి కారణం కాదనీ సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరు చెబుతుంది. మా స్నేహం ముందు ఆ ఆర్డరు నిలవదు. ఒకరి సొమ్ముతో ఇంకొకరికి విందు చేసినట్టు, కక్షిదారు రోజు తీసి మేం ఒకరికొకరం కానుక ఇచ్చుకుంటాం. దీన్ని మర్యాద అనడానికి నాకు మనసొప్పదు.

కోర్టు బహిష్కరణలూ ఈ ఖాతాలోవే. వకీళ్లకి సమ్మె హక్కు లేదని హరీష్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. భూహక్కుల చట్టం మీద 2023 చివర్లో, 2024 మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో వకీళ్లు విధులు బహిష్కరించారు. కారణం మంచిదేనని ఇప్పటికీ నమ్ముతాను, ఆ చట్టం తర్వాత రద్దయింది కూడా. అయినా ఆ రోజుల్లో బెయిలు కోసం ఎదురుచూసినవాడికి ఆ కారణం చెప్పి ఒప్పించగలమా?

ఇంకొక్క ముక్క. నల్లకోటు వేసుకుని, వకాల్తా తన పేరనే ఉన్న ఆడపిల్లని ‘ఏమ్మాయ్, మీ సీనియర్ ఏరీ?’ అని అడగడం ఇంకా పోలేదు. అడిగేది ఆప్యాయంగానే. ఎదుటివైపు కుర్రవాణ్ణి అలా అడగరు, అతనికి వెంటనే ‘సార్’ తగిలిస్తారు.

బార్ అసోసియేషన్ల అధ్యక్షులకి నాదొక విన్నపం. క్లాసులు తర్వాత పెట్టండి. ముందు ఒక్క కట్టుబాటు చేయండి. సాక్ష్యం ఉన్న కేసులో రేపు రాలేననుకున్న వకీలు ముందురోజు సాయంత్రం అయిదింటిలోపు ఎదుటి వకీలుకి ఫోను చేసి చెప్పాలి. చెప్పకుండా వాయిదా అడిగితే ఆ సాక్షి బస్సు చార్జీ, రోజు కూలి తన జేబులోంచి ఇవ్వాలి. దీనికి చట్టం మార్చక్కర్లేదు, తీర్మానం చాలు.

కేసులున్న పాఠకులకి కూడా ఒక మాట. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ సీఎన్ఆర్ నంబరు కొడితే వాయిదా ఎప్పుడో తెలుస్తుంది, ఎదుటి వకీలు వస్తున్నారో లేదో తెలియదు. అది మీ వకీలు ఫోను చేసి కనుక్కోవలసిందే. సాక్షుల్ని బస్సెక్కించే ముందు ఆ ఫోను చేయమని మీ వకీలుని అడగండి.