తుపాకి ఆటయు పాత్ర ఆటయు

మన పిల్లలు ఫోనులో ఆడుచున్న ఆటలను గూర్చి పల్లెలలో సాధారణముగా ఒక్క తీర్పే వినబడును: అన్నియు ఒకటే, అన్నియు చెడ్డవే. అయితే ఆ ఆటలు ఆడువారి నడుమ ఎంత వాదము జరుగుచున్నదో పెద్దలు ఎరుగరు. గోదావరిఖని చౌరస్తాలో గాని, రామగుండములోని క్వార్టర్ల నడుమ గాని, మొదటి షిఫ్టు ముగించుకొని బాయి నుండి వచ్చిన యౌవనస్థుల యొద్ద గాని కొంతసేపు నిలిచి వినుడి. ఒకడు పబ్జీయే ఆట అనును. ఒకడు కాదు, ఫ్రీ ఫైర్ అనును. హైదరాబాదులో చదివి వచ్చిన మూడవవాడు ఆ రెండును ఆటలే కావు, కథ గల ఆటయే ఆట అనును. సినిమాలలో మంచిదేది, చెడ్డదేది అని మనము విడదీసి మాటలాడుచున్నాము. పాటలను గూర్చియు అట్లే. ఈ ఆటలను మాత్రము ఒకే మూటగా కట్టి అవతల పారవేయుచున్నాము. మూట విప్పి చూడనివాని తీర్పును కుమారుడు లక్ష్యపెట్టడు. అందుచేత ఆ వాదమునే కొంత పరిశీలింతము.

ముందు తుపాకి ఆట. 1993లో అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ డూమ్ అను ఆటను విడుదల చేసెను. ఆ జాతిలో అది మొదటిది కాదు గాని, లోకమంతటికి ఆ జాతిని ఎరుకపరచినది అదియే. ఆడువాడు తన కన్నులతోనే చూచుచున్నట్లుండును. తెర నడుమ తుపాకి, దాని వెనుక తానే. మన పిల్లలు పబ్జీ అని పిలుచు ఆటను రూపించినవాడు బ్రెండన్ గ్రీన్ అను ఐర్లండు దేశస్థుడు. తయారుచేసినది దక్షిణ కొరియా సంస్థ. అది 2017లో కంప్యూటరుకును, 2018లో ఫోనుకును వచ్చెను. నూరుమంది ఒక విమానములో నుండి గొడుగులతో ఒక ద్వీపము మీదికి దూకుదురు. చేతిలో ఏమియు ఉండదు. పాడుబడిన ఇండ్లలో వెదకి తుపాకియో, మందుల పెట్టెయో, ఇనుప టోపీయో సంపాదించుకొనవలెను. ఇంతలో ఒక వలయము కొంచెము కొంచెముగా కుంచించుకొనుచుండును. దాని వెలుపల నిలిచిపోయినవానికి ప్రాణము తరిగిపోవును. కడవరకు నిలిచినవాడు, లేక నలుగురి జట్టు, గెలుచును.

ఈ వలయములోనే ఆ ఆట తెలివియంతయు ఉన్నది. దాగుకొనినవాడు ఎల్లకాలము దాగుకొనలేడు. బలవంతుడు ఒకచోట కోట కట్టుకొని కూర్చుండలేడు. ఇందులో ఎప్పుడును కాల్పులేయని తలంచువారు ఒక్క ఆటయైనను మొదటి నుండి చివరివరకు చూచి యుండరు. అధిక భాగము మౌనమే. గోడ అవతల అడుగుల చప్పుడు వినబడుచున్నదా, గడ్డి కదలినదా అని ఊపిరి బిగబట్టి కనిపెట్టుటయే. పనితనము మాత్రమే చూచినయెడల ఇది చక్కగా కట్టిన ఆట అని ఒప్పుకొనవలసినదే. పనితనమునకును ఫలమునకును భేదమున్నదని వేరుగా చెప్పుకొందము.

పబ్జీవారికిని ఫ్రీ ఫైర్‌వారికిని గల తగవు చూడుడి. ఫ్రీ ఫైర్ సింగపూరులోని గరీనా అను సంస్థది. అందులో నూరుమందికి బదులు ఏబదిమంది. అరగంటకు బదులు ఇంచుమించు పది నిమిషములు. పబ్జీలో తుపాకి బరువును, కాల్చినప్పుడు అది ఎగిరిపడుటయు నిజమునకు దగ్గరగా నుండునట్లు చేసిరి. ఫ్రీ ఫైర్‌లో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క వింత శక్తి ఇచ్చిరి. కాబట్టి పబ్జీవారు అవతలిదానిని చిన్నపిల్లల బొమ్మలాట అందురు. ఫ్రీ ఫైర్‌వారు పబ్జీ ధనవంతుల ఆట అందురు. ఈ రెండవ మాటలో మొదటిదానికంటె ఎక్కువ నిజమున్నది. పబ్జీ సరిగా నడచుటకు మంచి ఫోను కావలెను. ఫ్రీ ఫైర్ తక్కువ వెల ఫోనులోను నడచెను. సింగరేణిలో పర్మినెంటు కార్మికుని కుమారుని చేతిలోని ఫోనును, కాంట్రాక్టు కార్మికుని కుమారుని చేతిలోని ఫోనును పక్కపక్కన పెట్టి చూచినయెడల ఏ ఇంట ఏ ఆట అభిమానమో చాలవరకు తెలిసిపోవును. అభిరుచి అని వారు వాదించుకొనుచున్నది అనేక పర్యాయములు తండ్రి జీతపు చీటీయే.

తుపాకి ఆటలో పెద్దలు గమనింపని సంగతి ఒకటి కలదు. జట్టులో ఒకడు దెబ్బతిని కూలినప్పుడు వెంటనే చనిపోడు, చేతులతో ప్రాకుచుండును. తోటివాడు వచ్చి అతని యొద్ద మోకరించి కొన్ని క్షణములు కదలకుండ నిలిచినయెడల మరల లేచును. ఆ క్షణములలో మోకరించినవాడు తన్ను తాను కాపాడుకొనలేడు. మంచి ఆటగాడు ఎవడని పిల్లలను అడుగుడి. ఎక్కువమందిని కొట్టినవానిని కొందరు చెప్పుదురు. పడినవానిని లేపుటకు తిరిగి వచ్చినవానిని కొందరు చెప్పుదురు. బాయిలో కప్పు కూలినప్పుడు తోటివానిని విడిచి పరుగెత్తకూడదని తండ్రుల నోట విని పెరిగిన పిల్లలకు ఈ రెండవ మాట క్రొత్తది కాదు. అయితే ఆ ఆట నిర్మాణములోని లోపమును కూడ ఇక్కడనే చూడవలెను. గనిలో రక్షణ దళమువారు పడినవాడు ఏ సంఘపువాడు, ఏ షిఫ్టువాడు అని అడుగరు. ఆ ఆటలో కనికరము నలుగురికే. మిగిలిన తొంబదియారుగురి యెడల కనికరించుటకు ఆటలో మీట యనునదే లేదు. కనికరింపవద్దని ఆట చెప్పుటలేదు. కనికరమునకు చోటే పెట్టలేదు. నాకు తోచినంతలో ఇదియే దాని పెద్ద కొరత, తెర మీది రక్తము కాదు.

రక్తము మాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పవలెను. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము పబ్జీని మరి 117 యాప్‌లతో కూడ నిషేధించినప్పుడు, హింసను బట్టి నిషేధించిరని మనవారు అనేకులు సంతోషించిరి. కారణము అది కాదు. దేశ భద్రతయు, ప్రజల సమాచారము పరదేశమునకు పోవుననెడి భయమును బట్టి ఆ ఉత్తరువు వచ్చెను. 2021 జూలైలో అదే ఆట బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అను పేరుతో తిరిగి వచ్చెను. 2022 జూలైలో మరల ఆగెను. 2023 మే నెలలో మరల వచ్చెను. ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో నిషేధింపబడెను. పేరు మార్చుకొని వచ్చిన ఆటలో ఎర్రని రక్తమునకు బదులు పచ్చని రక్తము పెట్టిరి. చంపుట అను మాట తీసివేసి ముగించుట అను మాట పెట్టిరి. పదునెనిమిదేండ్లు నిండనివారికి దినమునకు మూడు గంటల మితి పెట్టిరి. మూడవది మేలైన పని. మొదటి రెండును పెద్దలను సమాధానపరచుటకు వేసిన సున్నమే. రంగు మార్చినంత మాత్రమున చేసిన పని మారునా? మెత్తని మాట పెట్టుటకంటె కటువైన మాటను ఉన్నదున్నట్లు ఉంచుటయే నయమని ఆటగాండ్లలోనే అనేకులు నవ్వుచు చెప్పిరి. వారి నవ్వు న్యాయమైనది.

ఇక పాత్ర ఆట. ఒకడు ఒక పాత్రను పూని, ఆ పాత్ర ఏమి మాటలాడవలెనో, ఎవరి పక్షము నిలువవలెనో తానే నిర్ణయించుకొనుచు కథను నడుపును. చిందు యక్షగానములో వేషము వేసినవాడు కథను మార్చలేడు, ఇక్కడ మార్చగలడు. 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను పేరుతో బల్లమీద, కాగితముతోను పాచికలతోను ఆడు ఆటగా ఇది ఆరంభమాయెను. 1980ల కాలములో అక్కడి క్రైస్తవులు కొందరు అది దయ్యములను కొలుచుట నేర్పుచున్నదని గట్టిగా ప్రకటించిరి. ఆ ఆరోపణ నిలువలేదు. చదువరులు దీనిని జ్ఞాపకముంచుకొనుట మంచిది. మనము ఒక వస్తువును తెలిసికొనక ముందే దూషించినయెడల, తరువాత నిజముగా దూషింపదగినదానిని చూపినప్పుడు మన మాట ఎవరు విందురు?

ఈ జాతిలో గొప్పదని అనేకులు ఒప్పుకొనునది 2015లో పోలెండు దేశపు సి.డి. ప్రాజెక్ట్ రెడ్ అను సంస్థ చేసిన విచర్ 3. అందులో ఒక భాగమును మీకు చెప్పవలెను. ఒక దుర్గాధిపతి ఉన్నాడు. అతని భార్యయు కుమార్తెయు ఇల్లు విడిచి పోయిరి. వారిని వెదకి తెమ్మని కథానాయకుని వేడుకొనును. వెదకుచు పోగా సత్యము కొంచెము కొంచెముగా బయటపడును. అతడు త్రాగుబోతు. త్రాగి భార్యను కొట్టెడివాడు. ఆమె గర్భము పోయినది అట్టి రాత్రియందే. పేరైనను పెట్టకుండ పాతిపెట్టబడిన ఆ శిశువు భూతమై లేచును. ఇక్కడ ఆడువాని ముందు రెండు త్రోవలుండును: కత్తి దూసి దానిని చంపవచ్చును, లేక తండ్రి చేతనే దానిని ఎత్తి మోయించి, పేరు పెట్టించి, గడప క్రింద పాతించవచ్చును. త్రాగి చేసినదానిని తన చేతులతో మోసికొనుచు వానలో నడచు ఆ తండ్రిని చూచినవారు త్వరగా మరువలేరు. భూతముల కథ అని మీరు ముఖము చిట్లింపవచ్చును. అయినను జీతమురోజు రాత్రి మన బస్తీలలో ఏ ఇంటి తలుపు వెనుక ఏమి జరుగునో ఎరిగినవారికి ఇది పరదేశపు కథగా తోచదు.

ఆ తండ్రిని క్షమింపవచ్చునా, లేదా అని ఆటగాండ్లు నేటికిని రెండు పక్షములుగా వాదించుకొనుచున్నారు. అతడు నిజముగా పశ్చాత్తాపపడెనని ఒక పక్షము. ఏడ్చి మాటలాడుటలో నేర్పరి గనుక మనలను మోసగించుచున్నాడని, భార్య నోటి మాట మనము సరిగా వినలేదని ఇంకొక పక్షము. నా మట్టుకు రెండవ పక్షమే బలమైనదనిపించును. ఏలయనగా కథలో మాటలాడుటకు అతనికి ఇచ్చిన సమయములో నాలుగవ వంతైనను ఆమెకు ఇయ్యలేదు. ఒక ఆటను గూర్చి యౌవనస్థులు ఇట్టి సంగతి వాదించుకొనుచున్నారని మీరు ఊహించి యుందురా?

అయితే తుపాకి ఆటవారు ఊరకుండరు. వారి జవాబు ఇది: మీ కథానాయకుడు ఒక తండ్రిని గూర్చి కన్నీరు కార్చుటకు ముందు త్రోవలో ఎందరిని నరికెను? ప్రతి నరుకుడుకును అతనికి లెక్క పెరుగును, బలము పెరుగును. 2011లో వచ్చిన స్కైరిమ్ అను ప్రసిద్ధమైన పాత్ర ఆటలోను పోరాడినకొలది పోరాటపు నేర్పు పెరుగును. కన్ను కప్పి పరుల ఇంట దొంగిలించిన కొలది దొంగతనపు నేర్పు పెరుగును. మా ఆట కపటము లేనిది, మీది నీతి మాటలు చెప్పుచు అదే పని చేయునది అందురు. ఇది తీసివేయదగిన మాట కాదు. దీనికి ఒక పాత్ర ఆటయే జవాబు చెప్పెను. 2015లో టోబీ ఫాక్స్ అను అమెరికా యువకుడు చేసిన అండర్‌టేల్‌లో ఎదురువచ్చిన ప్రతివానిని చంపకుండ మాటతోనే, ఓర్పుతోనే దాటిపోవచ్చును. చంపి, తరువాత మనస్సు మార్చుకొని మొదటి నుండి ఆడినను ఆట ఆ పనిని మరువక కొన్ని మాటలలో గుర్తుచేయును.

తుపాకి ఆటలలోను తన్ను తానే ప్రశ్నించుకొనినది ఒకటి కలదు. జర్మనీలోని యాగర్ సంస్థ 2012లో చేసిన స్పెక్ ఆప్స్: ది లైన్. ఇసుకలో మునిగిన దుబాయి పట్టణము. తెల్ల భాస్వరపు గుండ్లు వేయవలసిన ఘట్టము. వేసిన తరువాత పొగలో నడచిపోగా, కాలి పడియున్నవారిలో ఆశ్రయము వెదకి వచ్చిన స్త్రీలును పిల్లలును కనబడుదురు. కొందరు దీనిని ఆ జాతిలోకెల్ల శ్రేష్ఠమైనది అందురు. కొందరు కోపగించుకొని, వేరే త్రోవ ఇయ్యక ఆ గుండు వేయించినది ఆటయే, తరువాత నేరము నాదనుట న్యాయమా అందురు. ఈ కోపము సరియైనదే. త్రోవ మూసివేసి దారి తప్పితివని అనువాడు మంచి బోధకుడు కాడు.

తల్లిదండ్రులకు కావలసిన భేదము మరియొకటి. కథ గల ఒంటరి ఆటను ఎక్కడనైనను ఆపి, మరునాడు అక్కడి నుండియే ఆడవచ్చును. నలుగురితో కలిసి ఆడు తుపాకి ఆటను ఆపలేము. లేచిపోయినవాడు ముగ్గురిని విడిచి పోయినవాడగును. తల్లి అన్నము పెట్టి నాలుగుసార్లు పిలిచినను పలుకకపోవుటకు అనేక దినములు ఇదియే కారణము. ఆట మొదలు పెట్టకముందు పిలిచినయెడల ఒక్క పిలుపు చాలును. ఆటను మానలేని వ్యాధి వేరు. దానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో చేర్చెను. ఆ పట్టిక 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చెను. చదువు, పని, ఇల్లు అన్నియు చెడి, సాధారణముగా సంవత్సరమంత కాలము అట్లే సాగినప్పుడు గాని ఆ పేరు పెట్టకూడదు.

డబ్బు పెట్టి ఆడు రమ్మీ వంటి ఆటలను వీటితో కలుపకుడి. తెలంగాణలో అవి 2017లోనే నిషేధింపబడెను. 2025 ఆగస్టులో కేంద్రము చట్టము చేసి దేశమంతట వాటిని నిషేధించెను. ఆ చట్టమే పోటీ ఆటలను వేరుగా ఎంచెను. బొగ్గు పట్టణములలో అప్పుల పాలైన ఇండ్లను గూర్చి మాటలాడునప్పుడు మొదట అడుగవలసినది ఏ ఆట అని.

ఇక చివరి తగవు. కథ గల ఆటలే శ్రేష్ఠమని చెప్పు విద్యావంతుడైన తమ్ముడు తన స్నేహితులను మూఢులని ఎంచుచున్నాడు. అతడు ఒకటి మరచుచున్నాడు. విచర్‌కు కంప్యూటరు కావలెను, వేల రూపాయలు కావలెను, పుస్తకములకు పుస్తకములంత ఇంగ్లీషు చదువవలెను. తుపాకి ఆటకు అక్షరములు అక్కరలేదు, వెల అక్కరలేదు. చిర్రగోనె ఆడినట్లు అందరును చేరుదురు. హైదరాబాదులో ఆటలు తయారుచేయు సంస్థలు లేకపోలేదు. ఓగర్ హెడ్ అను సంస్థ 2017లో అసుర అను కత్తియుద్ధపు ఆటను చేసి విడుదల చేసెను. అయినను తెలుగులో మాటలాడు తండ్రియు, తెలుగులో జవాబు చెప్పు భార్యయు గల పెద్ద పాత్ర ఆట ఏదియు గోదావరిఖని పిల్లల ఫోనులలోనికి రాలేదు.

ఫోనులో దొరకువాటిలో ఒక్కటి చూపుమని అడిగినయెడల దిస్ వార్ ఆఫ్ మైన్ అను ఆటను చూపుదును. 2014లో వార్సాలోని 11 బిట్ స్టూడియోస్‌వారు, సారయేవో ముట్టడిలో చిక్కుకొనిన సామాన్యుల బ్రదుకును ఆధారము చేసికొని దీనిని చేసిరి. ఇందులో సైనికుడు నాయకుడు కాడు. ఆకలిగొన్న ముగ్గురు పౌరులు నాయకులు. రాత్రివేళ మందుల కొరకు ఒక ముసలి దంపతుల ఇంటిలో చొరబడవచ్చును. వారు ఎదిరింపరు, వేడుకొందురు. దోచుకొని వచ్చినయెడల మరునాడు ఆ దొంగిలించినవాడు అన్నము ముందర కూర్చుండి తినలేక పోవచ్చును. పోలెండు ప్రభుత్వము 2020లో దీనిని విద్యార్థులకు చదువదగిన గ్రంథముల వరుసలో చేర్చుచున్నట్లు ప్రకటించెను. దీనికి కొంత వెల కలదు. ఇందులోని మాటలును తెలుగులో లేవు. ఇంటిలో ఇంగ్లీషు చదువగల అక్కయో అన్నయో పక్కన కూర్చుండి అర్థము చెప్పుచు ఆడింపవలెను.