పిచ్చుక పోయింది, చిలకా పోయింది

"ఇది ఎక్కడో చదివినట్టుందే!" అని ఎవరైనా అంటే నాబోటి రచయిత్రికి ఒళ్ళు మండుతుంది. రెండువేల ఏళ్ళ కిందటి రోము ప్రేమకవులు మాత్రం, పాఠకుడు సరిగ్గా ఆ మాటే అనాలని కోరుకునేవారు.

కటుల్లస్ అనే కవి, ప్రియురాలు ముద్దుగా పెంచుకున్న పిచ్చుక చచ్చిపోయిందని 18 పాదాల పద్యం రాశాడు. చివర్న నిష్ఠూరమంతా పిచ్చుక మీదే. నీ మూలానే కదా నా పిల్ల కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి అంటాడు.

అతను పోయిన దాదాపు పదేళ్ళకు, క్రీ.పూ. 43లో పుట్టాడు ఓవిడ్. ఈయన నాయిక కొరిన్నా. ఆవిడ చిలక చచ్చిపోయిందని 62 పాదాలు రాశాడు. ఆ చిలక మన ఇండియా నించి వెళ్ళిందట! పక్షులన్నీ దాని అంత్యక్రియలకు తరలిరావాలి. పుణ్యపక్షులుండే వనంలో దానికి చోటు. పైగా ఓ బుల్లి సమాధి. పాత కవి పేరెత్తడు గానీ, చదివిన వాళ్ళకు పిచ్చుక గుర్తురాక మానదు.

మరి ఇది ఎంగిలి కవిత్వమేనా? కాదనే అంటాను. చిలకను మొదటి పాదంలోనే అనుకరించే పక్షి అన్నాడు. విన్నమాట తిరిగి పలకడమే కదా దాని విద్య! "నేనూ చిలకనేనమ్మా" అని కవి తనలో తను నవ్వుకుంటున్నట్టే ఉంటుంది.

అయినా నా ఓటు పిచ్చుకకే. ఓవిడ్ పద్యంలో కొరిన్నా మొక్కులు ఒక్కమాటలో వచ్చిపోతాయి. గుండెలు బాదుకునే పని పక్షులకు అప్పగించేశాడు. ఆ ఎర్రబడ్డ కళ్ళేవీ?

ఇంకో సంగతి. కటుల్లస్ ప్రియురాలికి పెట్టిన పేరు లెస్బియా. అది గ్రీకు కవయిత్రి శాఫో పుట్టిన దీవిని తలపిస్తుంది. కొరిన్నా కూడా ఓ గ్రీకు కవయిత్రి పేరే. పేర్లేమో కవయిత్రులవి! ఈ రెండు పద్యాల్లోనూ ఆడవాళ్ళిద్దరూ నోరు మెదపరు. చిలకే నయం, పోతూ పోతూ యజమానురాలికి సెలవైనా చెప్పింది.

ఆ కాలంలోనే సుల్పీషియా అనే రోము యువతి ఉంది. ఆమెవిగా చెప్పే చిన్న పద్యాలు ఆరు మిగిలాయి. ప్రేమను బయటపెట్టడం కన్నా దాచుకోవడమే తనకు ఎక్కువ సిగ్గు అంటుందామె. ఆ ఆరూ చదివినప్పుడు మాత్రం, ఎక్కడో చదివినట్టు నాకనిపించలేదు.