ఈస్టరు ద్వీపపు శిలలు - హెయర్డాల్ చూపిన సాక్ష్యము

దక్షిణ అమెరికా తీరమునకు పడమరగా సుమారు 3,500 కిలోమీటర్ల దూరమున, పసిఫిక్ మహాసముద్రము నడుమ ఈస్టరు ద్వీపమున్నది. అచ్చటి ప్రజలు దీనిని రాపా నుయి అందురు. వైశాల్యము 164 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఇంత చిన్న నేలపై సుమారు వేయి రాతి విగ్రహములను చెక్కినవారెవరు? నార్వే దేశీయుడు థోర్ హెయర్డాల్ 1957లో ప్రకటించిన ‘అకు అకు’ అను గ్రంథము ఈ ప్రశ్నకొక సమాధానము చెప్పినది. చదువుటకు హాయిగొలుపు గ్రంథము. పాఠశాల గ్రంథాలయములో ఉండదగినదే. కాని విద్యార్థి చేతికిచ్చునపుడు ఉపాధ్యాయుడు పక్కన కూర్చొనవలెను.

హెయర్డాల్ చేసిన మేలును ముందు చెప్పుట న్యాయము. 1914-15లో కాథరిన్ రౌట్లెడ్జి అను ఆంగ్ల వనిత ద్వీపమంతయు తిరిగి విగ్రహములను, వాటి వేదికలను పరిశీలించి, వృద్ధుల మాటలను వ్రాసికొనినది. 1955-56లో హెయర్డాల్ శిక్షణ పొందిన పురాతత్వజ్ఞులను వెంటబెట్టుకొని వచ్చి, పొరలవారీగా త్రవ్వించి, బొగ్గు ముక్కలకు కార్బన్ పద్ధతిచే కాలము కట్టించెను. పడియున్న విగ్రహము నొకదానిని 12 మంది ద్వీపవాసులు కఱ్ఱలతో ఎత్తుచు, క్రింద రాళ్లు పేర్చుచు, 18 దినములలో నిలబెట్టిరి. ఊహను వదలి చేసి చూచుట శాస్త్రజ్ఞుని లక్షణము.

చిక్కు ఆ పైన వచ్చుచున్నది. మొదట పెరూనుండి ఒక జాతి వచ్చి గొప్ప నిర్మాణములు చేసెననియు, పాలినీషియనులు తరువాత వచ్చిరనియు ఆయన వాదము. 1947లో కోన్-టికి తెప్పపై 101 దినములు ప్రయాణము చేసినది మొదలు ఆయన మనస్సులోనున్న మాట ఇదే. దీనికి ఆధారముగ నిలిచినవానిలో ముఖ్యమైనది పోయికె కందకము వద్ద దొరకిన బొగ్గు. దాని కాలము సుమారు క్రీ.శ. 386 అని తేలినది. చెట్టు బ్రతికియున్నంతకాలము గాలినుండి కర్బనమును గ్రహించును. ఆ పిదప అందలి కార్బన్-14 తరుగుచు 5,730 సంవత్సరములకు సగమగును. కనుక బొగ్గు చెప్పునది ఆ కొయ్య పెరిగిన కాలము; దానిని మనుష్యుడే కాల్చెనని గాని, ఎప్పుడు కాల్చెనని గాని అది చెప్పదు. ఒక్క నమూనాపై ఒక జాతి చరిత్రను నిలుపుట సాహసమే. అనకేనా తీరమున జరిగిన తవ్వకముల ననుసరించి హంట్, లిపో 2006లో ప్రకటించిన నిర్ణయము ప్రకారము జనులు ఆ ద్వీపమున కాలు మోపినది సుమారు 1200లో.

వినాపు వేదిక గోడ పోలిక కూడ అట్టిదే. రాళ్ల అతుకులు కుజ్కో నగరపు ఇన్కా గోడలను తలపించుట నిజము. కాని ఇన్కా గోడలో నిండు దిమ్మలున్నవి. వినాపులో ముందు పలకలు, వెనుక రాళ్లు, మట్టి. కంటికి ఒకటిగా కనిపించినవి కట్టుబడిలో వేరు.

ఆయన మాటలో సత్యము బొత్తిగ లేదని మాత్రము కొట్టివేయరాదు. 2024లో ప్రకటితమైన పరిశోధనలో 15 మంది ప్రాచీన ద్వీపవాసుల అవశేషములలోని జన్యు పదార్థమును పరీక్షించగా, సుమారు పదవ వంతు అమెరికా ఆదివాసులదని, ఆ కలయిక 1250-1430 మధ్య జరిగెనని తేలినది. రాకపోకలుండెనన్న మాట. మిగిలిన అధికభాగము పాలినీషియనులదే. శిల్పులను వెదకుటకు పెరూ పోనక్కరలేదు. వారి సంతతివారే హెయర్డాల్ విగ్రహమును నిలబెట్టిరి.

వారి మాటను ఆయన వినకపోలేదు. విగ్రహములు గని నుండి ఎట్లు పోయినవని అడుగగా, నడచి పోయినవని వారు చెప్పిరి. ఆయన 180 మందిచే ఒక విగ్రహమును పడుకోబెట్టి ఈడ్పించెను. 2012లో హంట్, లిపో తమ పరీక్షను ప్రకటించిరి: 4.35 టన్నుల నకలు విగ్రహమును నిలువుగానే ఉంచి, మూడు మోకులతో 18 మంది అటు ఇటు ఊపుచు, 40 నిమిషములలో 100 మీటర్లు నడిపించిరి.