కాశీయాత్ర చరిత్రలో మిత్రుని స్థానము

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర తెలుగు యాత్రావాఙ్మయమునకు ఆద్యగ్రంథముగా పేరొందినది. 1838లో అచ్చయిన నాటినుండియు, ముఖ్యముగా దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో దానిని పరిష్కరించి ప్రకటించిన పిమ్మటను, చరిత్రకారులు దీనిని మిక్కిలిగా వాడుకొన్నారు. నాటి బాటలు, కుంపిణీ పాలన, నిజాము రాజ్యపు స్థితిగతులు మున్నగువానికి ఇది గొప్ప ఆధారము. సాహిత్యవిమర్శకులు మాత్రము దీనిని దూరమునుండియే గౌరవించి విడిచినట్లు మాకు తోచును. ఇందు మజిలీల పట్టిక యున్నదే కాని ప్రయాణపు ఉల్లాసము లేదని సామాన్యముగా వినవచ్చు మాట. అది సగము నిజము. రెండవ సగమును విచారింపవలసియున్నది.

ఉల్లాసయాత్ర యెట్లుండునో తెలియుటకు అదే కాలపు విదేశీయ రచన నొకదానిని పక్కన పెట్టుకొందము. అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1829 వసంతకాలమున స్పెయిన్ దేశములో సెవిల్ నగరమునుండి గ్రనడాకు గుఱ్ఱముపై పోయినాడు. తోడు వచ్చినవాడు మాడ్రిడ్ నగరములోని రష్యా రాయబార కార్యాలయమునకు చెందిన యొక మిత్రుడు. 1832లో వెలువడిన ఆల్హంబ్రా కథలకు ఆ ప్రయాణమే మొదటి ప్రకరణము. దేశమెట్లున్న నట్లే స్వీకరింతమనియు, సత్రములలో దొరకినదానితో తృప్తి పడుదుమనియు మిత్రులిరువురును ముందే నిశ్చయించుకొన్నారు. వెంట వచ్చు సేవకునకు సెర్వాంటిస్ నవలలోని సాంచో పేరు పెట్టినారు. చెట్టునీడన దిగినపుడు వాని సంచిలోనుండి వెలువడు తినుబండములును, తోలుతిత్తిలోని ద్రాక్షసారాయమును ఆ ప్రకరణమున చిన్న పాత్రలే యైనవి. చదువుచున్నంతసేపు మనకును ఆ గుఱ్ఱముల వెంట పోవలెననిపించును.

ఆ మరుసటి యేడు, 1830 మే 18వ తేదీన, వీరాస్వామయ్యగారు చెన్నపట్టణము విడిచినారు. ఆయన అచ్చటి సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. పల్లకి, బోయీలు, డేరాలు, పరివారము, అందఱును కలిసి దాదాపు నూరుమంది. తొలి దినములలోని ముఖ్యమైన మజిలీ మన తిరుపతియే. ఆయన కొండ యెక్కి స్వామిని సేవించినారు. కుంపిణీ వారికి అచ్చట వచ్చు రాబడిని గూడ గమనించినారు. ఆలయమును హాథీరాంజీ మఠమునకు అప్పగించుట 1843లోని మాట. అంతవఱకు అది కుంపిణీ అధీనముననే యుండెను. పిదప కడప దారి. ఎచ్చట దిగినను ఆయన చూచునది యొక్కటే: నీళ్లు మంచివా, బియ్యము పప్పు దొరకునా, దిగుటకు చోటున్నదా, బాట యిసుకయా ఱాయియా. చిత్తూరు, తిరుపతి ప్రాంతపు విద్యార్థులకు ఈ భాగమును పాఠము చెప్పునపుడు, తామెఱిగిన ఊరిపేరు వచ్చినంతవఱకు శ్రద్ధగా వినుటయు, పిదప ఆవులించుటయు మేము చూచుచునే యుందుము.

అయినను ఆ వివరము లెవరి కొఱకు? ఆ ఊరి బియ్యము ఆయన యప్పటికే తినినారు. ఆ బావినీళ్లు త్రాగినారు. దాటివచ్చిన ఊరిలో నీరు మంచిదో కాదో ఆయనకు మరల నక్కఱలేదు. వెనుక రాబోవు వానికే యక్కఱ. ఈ గ్రంథము కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారు కోరగా, ఆ మిత్రునికి వీరాస్వామయ్యగారు దారిలో అప్పుడప్పుడు వ్రాసి పంపిన వృత్తాంతము. దానిని కూర్చి అచ్చువేయించినవారును పిళ్ళగారే. అప్పటికి రెండేండ్లకు ముందే, 1836లో, వీరాస్వామయ్యగారు గతించినారు. ఈ సంగతి పీఠికలలో నెఱిగినదే కాని, దానివలన గ్రంథమును చదువు తీరే మారవలెనను ఊహ విమర్శలోనికి రాలేదు. మనము పట్టిక యనుకొన్నది ఒకరిని ఉద్దేశించి చెప్పిన మాట. నీవు వచ్చినచో ఇచ్చట దిగుము, అచ్చట దిగకుము అనుటయే దాని లోపలి ధ్వని.

ఇర్వింగ్ మిత్రుడు గ్రనడా చేరిన కొలది దినములకే ఉద్యోగధర్మమున వెడలిపోయినాడు. గ్రంథములో తక్కిన భాగమున అతడు లేడు. చెన్నపట్టణమున నిలిచియున్న పిళ్ళగారు 15 నెలలకు పైబడి, 1831 సెప్టెంబరు 3వ తేదీ వఱకు, ప్రతి మజిలీయందును ఉన్నారు. తోడు నడచుటయే స్నేహయాత్రకు లక్షణమన్నచో ఈ రెంటిలో ఏది స్నేహయాత్రయో నిర్ణయించుట మనమనుకొన్నంత సులభము కాదు.

ఇర్వింగ్ నిశ్చింతయు ఊరక వచ్చినది కాదు. విలువగల సామాను ముందుగనే కంచరగాడిదల వారి వెంట పంపినాడు. దొంగలు పైబడినచో ఇచ్చి తప్పించుకొనుటకు కొంత సొమ్ము వేఱుగ నుంచుకొన్నాడు. ఈ జాగ్రత్తను ఒకచోట నవ్వుచు చెప్పి దాటిపోవుటయే ఆయన నేర్పు. వీరాస్వామయ్యగారు జాగ్రత్తను దాచలేదు. నూరుమందికి పూట గడుపవలసినవాడు దానిని నవ్వుచు దాటుట కష్టము. కాని దానివలన ఆయనకు ప్రయాణమున ఆనందము లేదనుట తొందరపాటు. ఆనందము లేనివాడు అంత దూరము అంత ఓపికగా వ్రాయడు.

లోటు లేదని మేమనము. సాంచో మాటలాడును, తినును, ఆటపట్టింపబడును. పుస్తకము మూసిన పిదపను మనసున నిలుచును. కాశీయాత్రలోని బోయీలలో అట్లు నిలుచువాడు మాకు కనబడలేదు. వారి శ్రమ తెలియును, వారి ముఖములు తెలియవు. దీనికి వీరాస్వామయ్యగారి హృదయకాఠిన్యము కారణమనుట అన్యాయము. ఇర్వింగ్ వ్రాసినది స్పెయిన్ నెఱుగని పాఠకలోకమునకు. వారికి సేవకుని గూడ వర్ణించి చెప్పవలసియుండెను. వీరాస్వామయ్యగారు వ్రాసినది తమ వంటి గృహస్థునకే. పల్లకి మోయువాడెట్లుండునో పిళ్ళగారికి చెప్పనక్కఱలేదు. గ్రంథమునకు ప్రాణమిచ్చిన ఆ స్నేహమే ఈ మౌనమునకును మూలమైనది.