చీమ దాకా అడగాలి

అన్నం తినకపోతే బూచాడొస్తాడు, పడుకోకపోతే పోలీసొస్తాడు. పిల్లల్ని దారికి తెచ్చుకోవడానికి భయాన్ని ఇంత ధారాళంగా వాడతామా, తీరా ఆ పిల్లే చీకట్లో బాత్రూముకి వెళ్లనంటే ‘ఏముందక్కడ, పిరికిదానా’ అని కసురుతాం.

జంషెడ్‌పూర్‌లోని మా సాక్చి 1912 నుంచీ ఉక్కు పోస్తున్న చోటు. నా చిన్నప్పుడు రాత్రిళ్లు ఉన్నట్టుండి ఆకాశం ఎర్రబడేది. ఇనుము కరిగించగా మిగిలిన స్లాగు పారబోస్తున్నారని పెద్దలకు తెలుసు. ఊరు అంటుకుందని నేను ముసుగుతన్నేవాణ్ణి. భయపడకురా అని అందరూ అన్నారు. సిక్కోలు నుంచి వచ్చిన నాయనమ్మ మాత్రం, ‘ఆ కొలిమి పగలల్లా ఇనుము తిని, రేతిరి పుక్కిలించి ఊస్తాదిరా’ అంది. మరి పళ్లు తోముకోదా అని నా అనుమానం. మర్నాటి రాత్రి కిటికీ దగ్గర కాపలా కాశాను.

కథ చెప్పడంలో కిటుకంతా ఇదే అనుకుంటాను. భయాన్ని తరిమేయనక్కర్లేదు, పిల్లలు దాన్ని ప్రశ్నలడిగేలా చేస్తే చాలు. ఏడు చేపల కథ చేసేది అదే. ఎండని చేప గడ్డిమోపు మీద చెబుతుంది, మోపు ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లాడి మీద. చివరికి తేలేది చీమ!

మా మెట్ల మీద కథలకు చేరే పిల్లల్లో ఒకమ్మాయికి స్కూలు వ్యాను వదిలేసి పోతుందని బెంగ. ఎందుకు పోతుంది? ఆలస్యమైతే. ఎందుకు ఆలస్యం? బూటు దొరక్క. ఎందుకు దొరకదు? తమ్ముడు మంచం కిందకి తన్నేస్తాడు. అక్కడికొచ్చేసరికి అందరూ తమ్ముడి వైపు తిరిగారు. వాడు కథలోకి రానని ఒకటే గొడవ.

అలాగని కథలోంచి భయమే తీసేస్తే చప్పగా ఉంటుంది. 1947లో మొదలైన చందమామ చదివిన ఇళ్లలో పిల్లలు విక్రమార్కుడి వెనకే నెలనెలా శ్మశానానికి వెళ్లొచ్చారు. 1963లో అమెరికన్ రచయిత మారిస్ సెండక్ తన బొమ్మల పుస్తకంలో వికృత జంతువుల్ని గీస్తే కంగారుపడింది పెద్దలే. అందులో పిల్లాడు వాటికే రాజవుతాడు.

మీ ఇంట్లో ఏడు చేపల కథ గుర్తున్న పెద్దలుంటే వాళ్ల యాసలోనే పిల్లలకు చెప్పించండి. మా సాక్చి, కద్మా పిల్లలు సగం జవాబులు హిందీలో ఇస్తారు. ఇవ్వనీండి. ఆఖర్న నీతి మాత్రం తగిలించకండి.