గాలి ఎక్కువైతే శ్రుతి దాటుద్ది

మా తోటపల్లి గూడూరు వైపు తిరునాళ్ళలో హరిశ్చంద్ర నాటకం వేస్తే కాటిసీను వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. నటుడు పద్యం ఎత్తుకున్నప్పుడు హార్మోనియంతో కలిసే ఉంటాడు. చివర రాగం లాగేసరికి అరశ్రుతి పైకి పోతాడు. జనం వన్స్‌మోర్ కొడతారు, హార్మోనిస్టు మొహం చిట్లిస్తాడు.

నాకు పద్యం నేర్పిన హార్మోనియం అయ్యవారు తరచూ అనేవాడు: "అరవబాకబ్బయా! పెట్టెకి గాలెక్కువైతే మోత పెరుగుద్ది. నీ గొంతుకి గాలెక్కువైతే శ్రుతే దాటుద్ది." ఆ మాటకు వంక పెట్టడానికేం లేదు. తిత్తి గట్టిగా కొడితే హార్మోనియం రీడు శ్రుతి పెరగదు, వెంట్రుకవాసి దిగినా దిగుతుంది. గొంతు అలా కాదు.

స్వరపేటికలో రెండు స్వరతంత్రులుంటాయి. మాట్లాడేటప్పుడు మగవాళ్ళకు సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవాళ్ళకు 200 సార్లు కొట్టుకుంటాయి. కింది నుంచి గాలి వాటిని విడదీస్తుంది, సాగే గుణం మళ్ళీ దగ్గరికి లాగుతుంది. పైస్వరం కావాలంటే ఓ చిన్న కండరం వాటిని సాగదీసి బిగిస్తుంది. శ్రుతికి అసలు పట్టు అక్కడే. కానీ మధ్యలో గాలి కూడా వేలు పెడుతుంది. ఒత్తిడి పెరిగితే తంత్రులు మరీ వెడల్పుగా ఊగి, ఆ ఊపులోనే ఇంకాస్త సాగి బిగుస్తాయి. వీణ తీగెను గట్టిగా మీటినప్పుడు మొదట్లో స్వరం కాస్త ఎక్కి పలకడం విన్నారుగా, అదే ఇది.

గ్లాసు నీళ్ళలో స్ట్రా ఏడెనిమిది సెంటీమీటర్ల లోతుకు ముంచి బుడగలొచ్చేలా ఊదండి. మామూలు మాటకు కావలసిన ఒత్తిడి అంతే. దానికి ఒక్కో సెంటీమీటరు చేరినకొద్దీ సెకనుకు రెండు నుంచి ఆరు కంపనాలు పెరుగుతాయి. 250 కంపనాల దగ్గర పాడేవాడికి అరశ్రుతి అంటే పదిహేనే. ఉద్రేకంలో నాలుగైదు సెంటీమీటర్ల గాలి అదనంగా తోశాడంటే చాలు, పక్క మెట్టు మీదికి పోవచ్చు. నమ్మకపోతే 'ఆ' అని సాగదీస్తూ పక్కవాణ్ణి పొట్టమీద చటుక్కున నొక్కమనండి. స్వరం ఎగిరిపడుతుంది.

కాబట్టి శ్రుతి తప్పకుండా గొంతు పెంచాలంటే గాలి ఇస్తూనే బిగువు సడలించాలి. ఈ విద్యే కష్టం. నెల్లూరు హరికథకుడు సాంబమూర్తి గారి కొడుకు బాలసుబ్రహ్మణ్యం గుసగుసగా పాడినా, గొంతెత్తినా శ్రుతి కదిలేది కాదు.

మైకుల్లేని రోజుల్లో నాటకమాడే నటుడికి, గోడా కప్పూ లేని బయలులో, సముద్రపు గాలికి ఎదురుగా అరవక తప్పేది కాదు. ఇప్పుడు మైకుంది కదా, ఇంకా ఎందుకు అరుస్తాడు? హారన్లన్నీ జనం వైపే ఉంటాయి, తన గొంతు తనకే వినపడదు. హోరులో మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి డాక్టరు లొంబార్ 1911లోనే చెప్పాడు. నటుణ్ణి తిట్టి లాభం లేదు.

తిరునాళ్ళ కమిటీ పెద్దలారా, ఈసారి ఒక్క స్పీకరు స్టేజీ వైపు తిప్పి పెట్టించండి.